గడ్డం మీద చుక్క

జిరాక్స్ కొట్టు పైన ఇరుకు గది, మిట్టమధ్యాహ్నం. బల్లకి అటువైపు, వీసాలకి కాగితాలు సర్దిపెట్టడంలో తలపండిన మాస్టారు. ఇటువైపు, బట్టలు కుట్టుకుని బతికే ఒక అమ్మాయి. బల్ల నిండా ఆమె కాగితాలే. ఒళ్ళో మాత్రం సంచి అలాగే ఉంది.

“అదేనమ్మా నేనడిగేది. ఈ ఫొటోలో గడ్డం మీద పుట్టుమచ్చ ఉంది. పాస్‌పోర్టు ఫొటోలో లేదు. ఇప్పుడు నా ఎదురుగా ఉన్న గడ్డం మీదా లేదు. ఎక్కడికి పోయింది?”

“పెళ్ళి ఫొటో కదండీ. ముస్తాబు చేసినావిడ పెట్టింది. కాటుక.”

“సరే, పెళ్ళి ఫొటోల వరకూ ఒప్పుకుంటాను. మరి ఇది?”

“అది పెళ్ళయిన మూడో రోజు.”

“నైటీలో ఉన్నావు. చేతిలో బ్రష్షుంది. పొద్దున్నే పళ్ళు తోముకోడానికి కూడా ముస్తాబు చేసే ఆవిడ వచ్చిందా?”

“ఆ ఫొటో తీసేద్దాం మాస్టారూ. ఇంకా చాలా ఉన్నాయిగా.”

“ఉన్నాయి. అతను వచ్చి ఉన్నది పదకొండు రోజులు, ఫొటోలు నలభై రెండు. నలభై రెండింట్లోనూ చుక్క ఉంది. ఇదిగో, ఈ ఒక్కదాంట్లో గడ్డానికి కుడివైపు. మిగతా అన్నిట్లో ఎడమవైపు.”

“అద్దంలో చూసి పెట్టుకుంటే అటుదిటు అవుతుందండీ. మొదటిరోజు తెలీలేదు.”

“అంటే నువ్వే పెట్టుకున్నావ్.”

“ఊఁ.”

“ముస్తాబు చేసే ఆవిడ కాదు.”

“మొదటిరోజు కూడా నేనే. అవునండీ.”

“ఎందుకూ?”

“అందంగా ఉంటుందని.”

“చూడమ్మా, నాకు చెవిలో పువ్వులు పెట్టినా ఫర్వాలేదు. నేనేం వీసా ఇచ్చేవాణ్ణి కాదు. అక్కడ కూర్చున్న ఆఫీసరుకి ఇదే పని. ఈ పెళ్ళి నిజమా, కాగితాల కోసం చేసుకున్నదా అని భూతద్దం పెట్టి చూస్తాడు. ఈ చుక్క చూశాడనుకో, పెళ్ళాడింది ఒకరు, పాస్‌పోర్టు ఇంకొకరిది అంటాడు. ఏం చెప్తావ్?”

“చుక్కలేని ఫొటోలు లేవండీ.”

“ఒక్కటి కూడా?”

“ఒక్కటి కూడా లేదు.”

“సరే, పక్కన పెడదాం. ఫోన్ల లిస్టు చూద్దాం. ఇది మాత్రం బ్రహ్మాండంగా ఉంది. రోజుకి రెండుసార్లు, ఒక్క రోజు కూడా తప్పలేదు. పొద్దుటి ఫోను ఐదు నిమిషాలు. రెండోది యాభై, యాభై ఐదు. ఇంత సాక్ష్యం నేను ఈ మధ్య చూళ్ళేదు. అంతసేపు ఏం మాట్లాడుకుంటారు?”

“ఏమీ మాట్లాడుకోం.”

“సిగ్గుపడకు. ఆఫీసరు అడుగుతాడు, అందుకని అడుగుతున్నా.”

“నిజంగానే ఏమీ మాట్లాడుకోమండీ. అక్కడ రాత్రయ్యేసరికి మనకి అర్ధరాత్రి దాటుతుంది, నేను మెషిన్ తొక్కుతుంటాను. ఫోను పక్కన పెట్టి ఉంచమంటాడు. అటువైపు వింటుంటాడు.”

“మెషిన్ చప్పుడా?”

“ఆఁ. మధ్యలో దారం తెగితే ‘ఆగిందేం’ అంటాడు. దారం ఎక్కించి మళ్ళీ తొక్కుతాను. అలా వింటూ నిద్రపోతాడు.”

“నువ్వు?”

“నేను కుట్టడం అయ్యాక ఫోను కట్టేస్తాను.”

“ఇది రాయలేం. ‘కుటుంబ విషయాలు మాట్లాడుకుంటారు’ అని రాస్తున్నా. పెన్సిలేలే, కంగారుపడకు. ఏదైనా ముందు పెన్సిల్‌తో రాయడం, మనిషి ఔనన్నాకే పెన్ను పట్టడం నా పద్ధతి. సరే, ఇవేమో మెసేజీలు. ‘చుక్కా, తిన్నావా.’ ‘చుక్కా, పాపకి జ్వరం తగ్గింది.’ ‘చుక్కా, రాత్రి నువ్వు దగ్గావు, మందు వేసుకో.’ ఎవరీ చుక్క?”

“నేనే. ముద్దుపేరు.”

“అయితే ఫారంలో ‘ఇతర పేర్లు’ అన్న గడి ఖాళీగా ఎందుకొదిలావ్? ఉండు, రాస్తాను.”

“వద్దండీ.”

“పెన్సిలే అన్నానుగా.”

“పెన్సిల్‌తో కూడా వద్దు మాస్టారూ. ఆ పేరు అక్కడ వద్దు.”

“మెసేజీల్లో నూటఅరవైసార్లు ఉన్న పేరు ఫారంలో లేకపోతే ఎలా? సర్లే. ఈ పాప ఎవరు?”

“బావ కూతురు.”

“బావెవరు?”

“మా ఆయనే. అలవాటండీ, నోటికి అదే వస్తుంది.”

“మేనబావా?”

“అలాంటిదే.”

“‘అలాంటిదే’ అని ఫారంలో గడి లేదమ్మా. అంటే అతనికి ముందో పెళ్ళయింది, ఒక పాప ఉంది. ఆ భార్యేమైంది?”

“లేదండీ.”

“లేదంటే? విడిపోయారా?”

“లేదు. లేదంతే.”

“ఓహో. అయితే దానికో కాగితం ఉండాలే. చనిపోయినట్టు.”

“ఉంది.”

“ఏదీ? బల్ల మీద అన్నీ పరిచావు. అదొక్కటీ సంచిలో పెట్టుకుని, ఆ సంచిని పిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని కూర్చున్నావు. ఇలా ఇవ్వు.”

“ఇస్తాను. చివర్లో ఇస్తాను.”

“చివరంటే ఎప్పుడమ్మా? రేపు పొద్దున పదింటికి నీ అపాయింట్‌మెంటు. పీకల మీదికొచ్చింది, ఇంకా నీళ్ళు నములుతూ కూర్చుంటే...”

“ఒక్క నిమిషం మాస్టారూ, ఫోను. పాప. అక్కడ ఇప్పుడే తెల్లారింది. ఎత్తకపోతే బావ బెంబేలెత్తిపోతాడు.”

“ఎత్తు, ఎత్తు.”

“ఆఁ, చెప్పవే పిచ్చుకా. లేచావా? పాలు తాగావా? అబ్బో, మీగడ తీసి ఇచ్చాడా నాన్న? పక్కనే ఉన్నాడా? ఊఁ. నేనా, ఎక్కడుంటాను, అమ్మమ్మ ఇంట్లోనే ఉన్నా. వస్తానే, కాగితాలవుతున్నాయి. జడలు బిగించి వేయమను, బడిలో ఊడిపోతాయి. ఆఁ? ఏంటీ? ఏమనేదాన్ని? ఓ, అదా, మర్చిపోతానా. ‘బూట్లు కుడీ ఎడమా చూసుకో, అడుగు మాత్రం తొందరపడకు.’ చాలా? నవ్వకు, పాలు పొలమారతాయి. ఉంటానమ్మా. ఉంటాను... పెట్టేసింది. చెప్పండి మాస్టారూ. ఏంటి, అలా చూస్తున్నారు?”

“ఇప్పుడు మాట్లాడిందెవరు?”

“పాపండీ. ఆరేళ్ళు.”

“ఆ చివర కాదు, ఈ చివర. గంట నుంచి నాతో మాట్లాడుతున్న గొంతు కాదది. ఆ నవ్వు నీది కాదు. ఆ ‘ఉంటానమ్మా’ అనడం నీది కాదు. నేను విన్నానా గొంతు. ఈ గదిలోనే, నువ్వు కూర్చున్న కుర్చీలోంచే విన్నాను. ఇవ్వమ్మా ఆ కాగితం.”

“ఇదిగోండి.”

“ఈ పేరు. ఈ పేరు నా బీరువాలో ఉంది.”

“మా అక్క.”

“కుర్చీ కాస్త జరుపు, బీరువా తలుపు తెరుచుకోదు. ఎనిమిదేళ్ళవుతుందా? ప్రతి ఫైలుకీ ఒక నకలు దాచడం నాకు అలవాటు. ఇదిగో. నవ్వుతూనే ఉండేది మనిషి. నా పెన్సిలు కొరికి పాడుచేసి, మర్నాడు అరడజను కొత్తవి తెచ్చిచ్చింది. వీసా వచ్చాక ఇక్కడికే వచ్చి చెప్పింది. ‘మా చెల్లికి కూడా మీరే చేయాలి మాస్టారూ, దాన్ని కూడా అక్కడే ఎవరికైనా అంటగడతాను’ అంది. ఆ చెల్లివి నువ్వేనా?”

“నాకొక్కతే అక్క.”

“ఎలా పోయింది?”

“అక్కడే. తలనొప్పని మాత్ర వేసుకుని పడుకుందట. మెదడులో నరం చిట్లిందన్నారు. తీసుకురావడం కుదరలేదు, అక్కడే కానిచ్చేశారు. మేమెవ్వరం చూళ్ళేదు. నాకు అందుకే ఇప్పటికీ అది పోయినట్టుండదు.”

“అయ్యో తల్లీ. తర్వాత మీ బావకే నిన్ను...”

“ఏడాది తిరక్కుండా. పిల్ల ఆగమైపోతుందన్నారు అందరూ. నేనూ అన్నాను. ఎవరూ బలవంతపెట్టలేదు, నేనే ఊఁ అన్నాను.”

“మరి దీంట్లో దాచాల్సిందేముంది? భార్య పోయింది, మరదల్ని చేసుకున్నాడు. ఎక్కడా తప్పు లేదు. చక్కగా చెప్తే చక్కగా వీసా ఇస్తారు. నీ స్వంత మాటల్లో వాంగ్మూలం రాసుకురమ్మన్నాను కదా, ఏదీ? అది చాలు సగం పని అయిపోతుంది.”

“ఆ నీలం అట్ట కింద ఉంది.”

“చదువుతాను. ‘నేను ఆయన్ని మొదటిసారి చూసినప్పుడు ఆయన చేతులకి రొట్టెల పిండి అంటుకుని ఉంది. చెయ్యి కలపడానికి మొహమాటపడి మోచెయ్యి చాపాడు. నేను ఆ మోచేతినే పట్టుకుని ఊపాను...’ బాగుందే. బాగా... ఉండు. ఉండుండు. ఈ పాత ఫైలు ఇలా ఇవ్వు. నాలుగో కాగితం. ‘నేను ఆయన్ని మొదటిసారి చూసినప్పుడు ఆయన చేతులకి రొట్టెల పిండి...’ అచ్చుగుద్దినట్టు అదే. ఆఖరికి నేను దిద్దిన మాట కూడా అలాగే ఉంది. ‘సిగ్గుపడి’ అని రాస్తే ‘మొహమాటపడి’ అని మార్చింది నేనే.”

“బావ పంపాడు. ‘మీ అక్క రాసింది, దీనికంటే బాగా ఎవరూ రాయలేరు, ఇదే రాయి’ అన్నాడు.”

“అతనికి మతి పోయిందా? ఆ ఆఫీసులో మీ అక్క ఫైలు అలాగే ఉంటుంది. ఒకే మొగుడికి ఇద్దరు భార్యలు ఒకే ముక్క రాసిచ్చారంటే ఊరుకుంటారా? వీసా సంగతి దేవుడెరుగు, మళ్ళీ పదేళ్ళు గడప తొక్కనివ్వరు. నువ్వు చెప్పు, అతన్ని మొదటిసారి ఎప్పుడు చూశావ్?”

“అదే రోజు.”

“ఎక్కడ?”

“అక్క వెనకాల నిలబడి. ఆ మోచెయ్యి ఊపడం నేను చూశాను. నన్నెవరూ చూళ్ళేదు.”

“మరి అదే రాయాలమ్మా. నీది నువ్వు రాయాలి.”

“చుక్క కూడా అక్కదే మాస్టారూ. పుట్టుకతో వచ్చింది, గడ్డం మీద ఎడమవైపు. ఇంట్లో అందరం చుక్కా అనే పిలిచేవాళ్ళం.”

“అర్థమవుతోంది. అతను అలా పెట్టుకోమన్నాడా?”

“పాప కోసం. దాన్ని అక్కడే వదిలి వచ్చాడు, ఫొటోలు చూస్తుందని. అక్క పోయినప్పుడు దానికి నాలుగేళ్ళు. ‘అమ్మ అమ్మమ్మ దగ్గరికెళ్ళింది’ అని చెప్పి బడికి పంపేశాడు. ఏం చెప్పాలో తెలియక ఆ పూటకి అన్నమాట. పదిహేను రోజులకి నేను ఫోన్ చేస్తే పాప ఎత్తింది. నా గొంతు వినగానే ‘అమ్మా’ అంది. అక్కాచెల్లెళ్ళం, ఫోన్లో మా అమ్మే పోల్చుకోలేకపోయేది. బావ ఫోను తీసుకున్నాడు. తీసుకుని, ‘కాదు తల్లీ, పిన్ని’ అంటాడనుకున్నాను.”

“అనలేదు.”

“అనలేదు. ఊపిరి తీసుకోవడం వినపడుతోంది, అంతే. నేనైనా అనొచ్చు కదా. నేనూ అనలేదు.”

“ఎందుకనలేదు?”

“సంతోషమేసింది మాస్టారూ. పాపిష్టిదాన్ని. మా అక్క ఇంకా ఉన్నట్టు, ఇప్పుడే పక్కగదిలోంచి వచ్చి ఫోను లాక్కున్నట్టు అనిపించింది. ఆ ఒక్క పూటకి అనుకున్నాను. రెండేళ్ళయింది.”

“రెండేళ్ళుగా ఆ పిల్లకి తల్లివా?”

“ఆఁ. దగ్గితే అక్కలా దగ్గుతాను. నవ్వితే అక్కలా నవ్వుతాను. ఫోను పెట్టేశాక కూడా కాసేపు గొంతు వెనక్కి రాదు. మా అమ్మ అన్నం పెడుతూ ‘నువ్వు ఎవరివే ఇప్పుడు’ అని అడుగుతుంది. ఆవిడ వేళాకోళమే, కాని అడిగాక ఏడుస్తుంది. కుట్టుపని నాది, అక్కకీ వచ్చు. ఒక్కోసారి జాకెట్టు అయిపోయాక చూస్తే, చేతి కుట్టు నాది కాదు. అక్క వేసినట్టు అడ్డంగా ఉంటుంది.”

“పిల్ల కనిపెట్టలేదా?”

“లేదండీ. పైగా నేను తడబడితే అదే అందిస్తుంది. ఇందాక విన్నారుగా. ‘బడికెళ్ళేటప్పుడు నువ్వు ఏమనేదానివి, బూట్లు కుడీ ఎడమా అనేదానివి కదా’ అంటుంది. అక్క ఏమనేదో నాకేం తెలుసు? అది చెప్తేనే తెలిసేది. బావ పక్కనుండగా గతుక్కుమంటాను, అది అందుకుని గట్టెక్కిస్తుంది. అంత జ్ఞాపకం దానికి.”

“వీడియోలో?”

“మొదట్లో చుక్క పెట్టుకుని మాట్లాడేదాన్ని. ఒకరోజు ఎండకి చెమట పట్టి కాటుక కారిపోయింది. నేను చూసుకోలేదు. పాప చూసింది. అలాగే చూసింది, చాలాసేపు. అప్పుడే బావ వంటింట్లోంచి వస్తున్న చప్పుడైంది. పాప ‘కెమెరా ఆపెయ్యమ్మా, నాకు కళ్ళు మండుతున్నాయి’ అంది. ఆపేశాను. అప్పట్నుంచి వీడియో వద్దంటుంది.”

“భయపడిందేమో పాపం.”

“భయపడే ఉంటుంది. తల్లి ముఖం కరిగిపోతుంటే భయపడదా? కాని మర్నాడు మామూలే. నాన్నని పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని మరీ ‘అమ్మా’ అంటుంది. నాన్న లేకుండా ఫోనే చెయ్యదు.”

“సరేనమ్మా. జరిగిందేదో జరిగింది. ఇప్పుడేం చేద్దామో చెప్పు.”

“ఒకటి చెప్పనా మాస్టారూ? అన్నిటికంటే నన్ను కోసేది ఇంకోటుంది.”

“చెప్పు.”

“అక్క ఉన్నప్పుడు పాపకి నేనంటే ప్రాణం. పిన్నీ పిన్నీ అని ఫోనుకి ముద్దులు పెట్టి అద్దమంతా ఎంగిలి చేసేదట. మరి అమ్మ అమ్మమ్మ ఇంట్లో ఉందంటే, అదే ఇంట్లో ఉండాల్సిన నేనేమయ్యాను? రెండేళ్ళు. ఒక్కసారైనా ‘పిన్ని ఏది’ అని అడగలేదు. నేను ఏదో ఒకటి అల్లుకుని సిద్ధంగా ఉన్నాను, ఊరెళ్ళిందనో, పనికెళ్ళిందనో. అదసలు అడిగితేగా. అక్కని బతికించాలంటే నేను పోవాలి కదా. పోయాను. ఎవ్వరికీ తెలీలేదు. నాకు కర్మకాండ కూడా లేదు.”

“అలా అనకు.”

“బావ మెసేజీలు చూశారుగా. నూటఅరవైసార్లు చుక్కా. నా పేరు ఒక్కసారైనా ఉందా?”

“లేదు.”

“వెతకండి. నేను వెతికాను.”

“ఇతను పాప కోసం చేస్తున్నాడా, తన కోసం చేస్తున్నాడా?”

“నేను అడగలేదండీ. అడిగితే ఏం చెప్తాడో అని భయం.”

“విను. ఎనిమిదేళ్ళ కిందట మీ అక్క ఫైలు కట్టినట్టే నీదీ కడతాను. మీ పెళ్ళి నిజం. పెళ్ళి కాగితం నిజం. ఈ చావు కాగితం నిజం. అబద్ధం ఆ గడ్డం మీది చుక్క ఒక్కటే. దాని గురించి కూడా రాసేద్దాం, పిల్ల కోసం పెట్టుకున్నానని. ఆఫీసరు కూడా మనిషే, అర్థం చేసుకుంటాడు. నేను ఈ పనిలో ముప్ఫై ఏళ్ళుగా ఉన్నాను, నిజం రాసిన ఫైలు వెనక్కి రావడం చాలా తక్కువ. వీసా వస్తుంది.”

“అదే భయం.”

“ఏది?”

“వస్తుందనే. వస్తే వెళ్ళాలి. వెళ్తే ఎవరిగా వెళ్ళాలి? విమానం దిగగానే ఆ పిల్ల నా గడ్డం వంకే చూస్తుంది. పొద్దున్నే అందరికంటే ముందు లేచి చుక్క పెట్టుకుని, పడుకునేముందు చెరిగిందేమో చూసుకుని, అలా ఎన్నేళ్ళు బతకను? పోనీ తుడిచేసుకుని వెళ్ళి, నేను మీ అమ్మని కాదంటే? దానికి తల్లి అప్పుడు చచ్చిపోయినట్టు కదా. నేను వెళ్ళి చంపినట్టు కదా.”

“ఒకటి అడుగుతాను, నిజం చెప్పు. మీ అక్క రాసిన ముక్కే తిరిగి రాస్తే దొరికిపోతామని నీకు తట్టలేదా? చదువుకున్నదానివి.”

“తట్టింది.”

“తట్టే తెచ్చావా?”

“వాళ్ళే వద్దంటే బాగుండునని లోపల ఒక మూల ఉంది. అప్పుడు తప్పు ఆఫీసరుది. బావకి నేను రానని చెప్పక్కర్లేదు. ఫోన్లో అమ్మలా ఉండిపోవచ్చు. దూరంగా, కనపడకుండా. పాప పెద్దదయ్యేదాకా.”

“అప్పుడు?”

“అప్పుడు కూడా తెలీదు.”

“మాస్టారు చూసుకోకుండా పంపేస్తాడులే అనుకున్నావా?”

“అనుకున్నాను. క్షమించండి. ఇప్పుడైనా అలాగే కట్టేయండి ఆ ఫైలు. అలాగే ఇచ్చేస్తాను రేపు.”

“కట్టను. మీ అక్క మాటలతో నిన్ను పంపితే ఆ నవ్వు నన్ను ఈ గదిలో కూర్చోనివ్వదు. ఇదిగో, తెల్లకాగితం. పెన్సిలు పట్టుకో. ఒక్క వాక్యం రాయి. అది మీ అక్కది కాకూడదు, మీ బావ చెప్పింది కాకూడదు. నువ్వు అక్కడికి ఎవరి కోసం వెళ్తున్నావో రాయి. రాయగలిగావా, మిగతాదంతా నేను చూసుకుంటాను. రాయలేకపోయావా, రేపు వెళ్ళకు. మీ బావకి నేనే ఫోన్ చేసి చెప్తాను, కాగితాలు కుదర్లేదని. ఆ అబద్ధం నా నెత్తిన వేసుకుంటాను.”

“నాదంటూ ఏముంది రాయడానికి?”

“నాకేం తెలుసు? ‘నేను’ అని మొదలుపెట్టు.”

“‘నేను...’”

“ఊఁ.”

“‘నేను’ దగ్గరే ఆగిపోయింది మాస్టారూ.”

“తొందరేం లేదు. కింద జిరాక్స్ వాడు కూడా భోజనానికి వెళ్ళాడు. కూర్చో.”

“రావట్లేదండీ. ‘నేను’ అని రాస్తే అక్షరాలు కూడా అక్కవే పడుతున్నాయి. చూడండి, ఇది నా రాత కాదు. చెరిపేయండి. నేను వెళ్తాను. బావకి ఫోన్ చేసి చెప్పేయండి, కుదర్లేదని.”

“ఆలోచించుకున్నావా?”

“ఆలోచించుకున్నాను. కాగితాలిలా ఇవ్వండి, సంచిలో... అయ్యో, మళ్ళీ మోగుతోంది. పాపే. ఇందాకే మాట్లాడిందిగా, ఇంకా బడికెళ్ళలేదేంటి?”

“ఎత్తు.”

“ఇప్పుడు నా వల్ల కాదు మాస్టారూ. అక్క గొంతు రాదు.”

“ఏదైనా అవసరమేమో, చిన్నపిల్ల. ఎత్తమ్మా. చేతినిండా కాగితాలున్నాయి, కింద పడేస్తావు. బల్ల మీద పెట్టి స్పీకరు నొక్కు. నేను నోరు విప్పన్లే.”

“ఆఁ, చెప్పవే పిచ్చుకా. టైమవలేదా? బూట్లు కుడీ ఎడమా చూసుకున్నా...”

“పిన్నీ, నాన్న బండి తియ్యడానికి కిందికెళ్ళాడు. ఇప్పుడు నువ్వు నీలాగే మాట్లాడొచ్చు.”